ఒకే హెలికాప్టర్‌కి రెండు కాంట్రాక్టులా? త్రివిధ దళాలు కలిసి కొనలేవా?

గంటస్తంభం
2025 మార్చిలో 156 ప్రచండ్ యుద్ధ హెలికాప్టర్లకు, వాటిని తయారుచేసే ప్రభుత్వ సంస్థ హాల్‌తో రక్షణ శాఖ సంతకాలు చేసింది. పన్నులు కాకుండా 62,700 కోట్లు. 66 వాయుసేనకి, 90 సైన్యానికి. బాగానే ఉంది. నాకు కొరుకుడు పడనిది ఒక్కటే. తయారుచేసేది ఒక్కరే, హెలికాప్టర్ ఒక్కటే, సంతకాలు ఒకే రోజు. మరి కాంట్రాక్టులు రెండెందుకు?

అమెరికా యుద్ధ హెలికాప్టర్ అపాచీ సంగతి ఇంకా వింత. 2015లో వాయుసేన 22 కొంది. సైన్యం మాకూ కావాలని పట్టుబట్టి 2020లో ఆరింటికి విడిగా ఒప్పందం చేయించుకుంది. అందులో మొదటి మూడు దిగేసరికి 2025 జూలై. మొదట్లోనే 28 కలిపి అడిగి ఉంటే బేరం కుదిరేది కాదా? మా ఇంట్లో ఆర్మీ మాజీ ఒకరు, నేవీ మాజీ ఒకరు ఉన్నారు. అడిగితే తప్పు ఎదుటివాళ్లదే అన్నారు ఇద్దరూ. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

పలాస_జీడి
"పన్నులు కాకుండా" అన్న ముక్క దగ్గరే నాకు గుండె జారింది బావూ.

మాజీ_ఈఎంఈ
గంటస్తంభం గారూ, అపాచీ గొడవ బేరం గొడవ కాదు. అది ఎవరి చేతిలో ఉండాలన్న గొడవ. పాత ఎంఐ-25, ఎంఐ-35 హెలికాప్టర్లు యుద్ధంలో పనిచేసేది సైన్యం చెప్పినట్టు, నడిపేది మాత్రం వాయుసేన పైలట్లు. 1986లో ఆర్మీ ఏవియేషన్ కోర్ పెట్టినప్పటి నుంచీ ఇవి మాకిచ్చేయండని సైన్యం అడుగుతూనే ఉంది. ట్యాంకుల పక్కన ఎగరాల్సిన యంత్రం ట్యాంకుల వాళ్ల చేతిలోనే ఉండాలన్నది మా వాదన. ఆకాశంలో ఎగిరేదంతా మాదే అన్నది వాళ్ల వాదన. చివరికి రక్షణ శాఖ ఆ 22 వాయుసేనకే ఉంచి, ఇకముందు కొనేవి సైన్యానికి అని తేల్చింది. ఇంటి పంచాయితీ తెగకుండా కలిసి సంతకు వెళ్లమంటే ఎలా వెళ్తారు?

గంటస్తంభం
అంటే ముందు పంపకం, తర్వాత కొనుగోలు అన్నమాట. మరి ప్రచండ్‌కి పంపకం అయిపోయింది కదా. అక్కడెందుకు రెండు?

ఆడిట్_మావయ్య
రక్షణ లెక్కల శాఖలో చేసి రిటైరయ్యాను, కాబట్టి కాగితం సంగతి నేను చెబుతాను.

రెండు కాంట్రాక్టులు ఉన్నంత మాత్రాన రెండు బేరాలు జరిగాయని కాదు. ధర ఒకే బల్ల మీద మాట్లాడి కాగితాలు రెండు రాసుకోవచ్చు. డెలివరీ తేదీలు వేరు, సరుకు అందుకునే వాడు వేరు, పరీక్షించి "సరే" అనేవాడు వేరు, ఆలస్యమైతే జరిమానా లెక్క వేరు. ఒకే కాగితంలో ఇద్దరు కొనుగోలుదార్లు ఉంటే, ఒకరి వల్ల ఆలస్యమైనప్పుడు రెండోవాళ్ల బిల్లు కూడా ఆగుతుంది. అలాంటి ఫైళ్ల మీద రాతకోతలు ఎన్ని ఏళ్లు నడుస్తాయో నన్నడగండి.

అసలు చూడాల్సింది ఇంకా వెనక ఉంది. 2001లో, కార్గిల్ తర్వాత వచ్చిన సంస్కరణల్లో, రక్షణ మంత్రి అధ్యక్షతన డిఫెన్స్ అక్విజిషన్ కౌన్సిల్ పెట్టారు. దాని కింద కొనుగోళ్లకి అక్విజిషన్ వింగ్ పెట్టారు. మూడు దళాలకూ కలిపి ఒకే చోట కొనాలన్నది ఆలోచన. ఆ వింగ్ లోపలికి వెళ్తే ఏముంది? ల్యాండ్ సిస్టమ్స్‌కి ఒక జాయింట్ సెక్రటరీ, మారిటైమ్‌కి ఒకరు, ఎయిర్‌కి ఒకరు. గుమ్మం ఒకటే, లోపల ఎవరి కుంపటి వారిదే.

పలాస_జీడి
మావయ్య గారు ఫైళ్ల మీద పగ తీర్చుకుంటున్నారు.

ఆడిట్_మావయ్య
పగ కాదు నాయనా, పెన్షన్ వస్తోంది కదా, తీరిక.

ఆమదాలవలస_రైతు
మా నాన్న, ఇద్దరు చిన్నాన్నలు కలిసి ఒకే బోరు వేశారు. వేసేటప్పుడు ఖర్చు మూడో వంతు పడిందని సంబరం. తర్వాత మోటారు కాలిపోతే ఎవరు బాగుచేయించాలన్నది రెండు పంటల కాలం తేలలేదు. చివరికి మా నాన్న విడిగా ఇంకోటి వేసుకున్నాడు. మిలిటరీ వాళ్లకీ ఇదే జరుగుతుందని నా అనుమానం.

డేగ_రిటైర్డ్
రైతు గారూ, బోరులో నీళ్లు ముగ్గురికీ ఒకటే. ఇక్కడ అదే లేదు. ఉప్పుగాలిలో ఉండేది మేము, నేవీ వాళ్లం. సియాచిన్‌లో ఉండేది సైన్యం.

ధ్రువ్ తీసుకోండి. ఒకే హెలికాప్టర్‌ని సైన్యం, వాయుసేన, నేవీ, కోస్ట్‌గార్డ్ నాలుగూ వాడతాయి. పేరుకి ఒకటే. సైన్యానికీ వాయుసేనకీ కింద స్కిడ్లు, అంటే చక్రాల బదులు ఉండే గొట్టాల కాళ్లు చాలు, రాళ్ల మీదైనా దిగిపోతాయి. నేవీకి చక్రాలు కావాలి, లేకపోతే డెక్ మీద కదిలించలేం. ఓడ హ్యాంగర్‌లో పట్టాలంటే రోటార్ బ్లేడ్లు మడవాలి. ఆ మడత దగ్గరే ఏళ్ల తరబడి నేవీ తృప్తిపడలేదు. అందుకే ఓడల మీద కాకుండా తీరం నుంచి ఎగిరే పనులకే ఎక్కువగా వాడుకున్నాం. తర్వాత సముద్ర గస్తీకి తగ్గట్టు రాడార్ పెట్టిన మార్క్ 3 వచ్చింది. 2021 జూన్‌లో విశాఖలోని నేవీ విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగలో మూడు చేరాయి. అది మంచి యంత్రం. మంచి యంత్రం కావడానికి కారణం నేవీ, కోస్ట్‌గార్డ్ అవసరాలు ఒకదానికొకటి దగ్గరగా ఉండటం.

మాజీ_ఈఎంఈ
ఉప్పుగాలి పేరు చెప్పి నేవీ వాళ్లు ప్రతిదీ వేరేగా చేయించుకుంటారు. టార్చ్‌లైట్ అయినా సరే.

డేగ_రిటైర్డ్
మీ టార్చ్‌లైట్ పట్టుకుని మా భావనపాడు తీరంలో ఒక వర్షాకాలం గడపండి సర్. తర్వాత మాట్లాడుకుందాం.

ఎస్ఎస్‌బీ_రెండోసారి
విజయనగరంలో ఎస్ఎస్‌బీకి, అంటే సైనిక అధికారుల ఎంపిక ఇంటర్వ్యూకి కోచింగ్ తీసుకుంటున్నాను. గ్రూప్ డిస్కషన్‌కి ఇది అడుగుతారేమోనని చదువుతున్నాను. అమెరికా యుద్ధ విమానం ఎఫ్-35 అక్కడి మూడు దళాలు కలిసి చేసుకున్నదే కదా, అది హిట్టా ఫట్టా? ఒక చోట హిట్ అని, ఒక చోట ఫట్ అని ఉంది.

కోరుకొండ_పాత_విద్యార్థి
రెండూ నిజమే తమ్ముడూ. విమానంగా గట్టిది. ఉమ్మడి కొనుగోలుగా మాత్రం దెబ్బతింది.

అందులో మూడు రకాలు. ఎ రకం అమెరికా వాయుసేనకి, మామూలు రన్‌వే. బి రకం మెరైన్లకి, నిట్టనిలువుగా దిగాలి కాబట్టి మధ్యలో పెద్ద ఫ్యాన్. సి రకం నేవీకి, విమానవాహక నౌక మీద నెమ్మదిగా దిగాలి కాబట్టి పెద్ద రెక్కలు. మొదట్లో 70 శాతానికి పైగా భాగాలు మూడింటికీ ఒకటే అన్నారు. 2016లో ఆ కార్యక్రమం అధిపతి జనరల్ బోగ్డన్ స్వయంగా చెప్పిన లెక్క 20 నుంచి 25 శాతం.

మధ్యలో ఏం జరిగిందంటే, 2004లో బి రకం బరువు వెయ్యి కిలోలకు తక్కువ కాకుండా మించిపోయిందని తేలింది. నిట్టనిలువుగా దిగే విమానానికి బరువు ప్రాణాంతకం. డిజైన్ మళ్లీ తిరగేశారు. బి లో బాంబులు పెట్టే గది చిన్నదైంది. ఎ, సి లో 2,000 పౌండ్ల బాంబు పడితే బి లో 1,000 పౌండ్లదే పడుతుంది. ఈ తిరగేతలో మిగతా రెండు రకాలూ వెనకపడ్డాయి. ఎ రకం కావాల్సిన వాయుసేనకి నిట్టనిలువుగా దిగే అవసరమే లేదు, అయినా ఆ మూల్యం వాళ్లూ కట్టారు. 2013లో అమెరికా పరిశోధన సంస్థ ర్యాండ్ పాత ఉమ్మడి యుద్ధ విమానాల లెక్కలు తీసి, కలిసి చేసుకోవడం వల్ల మొత్తం జీవితకాల ఖర్చులో ఆదా రాలేదని తేల్చింది.

ఎస్ఎస్‌బీ_రెండోసారి
మరి ముందే తెలీదా వాళ్లకి? ఇంత పెద్ద దేశం.

కోరుకొండ_పాత_విద్యార్థి
తెలియకపోవడం ఏమిటి, 1960లలోనే ఒకసారి చేతులు కాల్చుకున్నారు. 1961లో రక్షణ మంత్రి మెక్‌నమారా వాయుసేన, నేవీ ఇద్దరికీ ఒకే విమానం అని ఆజ్ఞ వేశాడు. అదే టీఎఫ్ఎక్స్, తర్వాత ఎఫ్-111. దళాలకి నచ్చింది బోయింగ్ నమూనా, ఆయన ఎంచుకుంది జనరల్ డైనమిక్స్‌ది. నేవీ రకం బరువెక్కి నౌక మీదకి పనికిరాలేదు. 1968లో కాంగ్రెస్ డబ్బు ఆపేసింది. నేవీ వెళ్లి ఎఫ్-14 చేయించుకుంది.

సరదా ఏమిటంటే అదే కాలంలో ఎఫ్-4 ఫాంటమ్ ఉంది. నేవీ తన కోసం చేయించుకున్న విమానం. బాగుందని వాయుసేన కూడా తీసుకుంది. ఎవరూ ఉమ్మడి అని పేరు పెట్టలేదు. అది పనిచేసింది.

ఆడిట్_మావయ్య
ఈ ముక్క బాగా పట్టుకున్నారు మాస్టారూ. ఒకరు తమకి కావలసింది తెగేసి చెప్పి చేయించుకున్నాక, పక్కవాళ్లు దాన్ని ఉన్నదున్నట్టు తీసుకుంటే ఖర్చు తగ్గుతుంది. పుట్టకముందే ముగ్గురూ కోరికల జాబితాలు కలిపి కుట్టిస్తే ఎవరికీ సరిపోనిది వస్తుంది.

మన పద్ధతిలో కొనేముందు క్వాలిటేటివ్ రిక్వైర్‌మెంట్స్, అంటే వస్తువు ఎలా ఉండాలో చెప్పే జాబితా రాస్తారు. సైన్యం రాస్తే జీఎస్‌క్యూఆర్. మూడు దళాలకీ కావాలంటే జేఎస్‌క్యూఆర్, జాయింట్‌ది. అది రాసే గది చూడాలి మీరు. ఒకరు 5,000 మీటర్ల ఎత్తు అంటారు, ఒకరు ఉప్పు తుంపర అంటారు, ఒకరు వేగం అంటారు. ఏదీ వదలరు. అన్నీ రాసుకున్నాక ట్రయల్స్‌లో నిలిచేవాడు ఒక్కడే మిగులుతాడు. ఒక్కడే మిగిలితే ఇంక బేరం ఎక్కడ? ఫైలు మళ్లీ మొదటికి.

కేబుల్_హార్నెస్
నేను విశాఖ శివారులో ఒక చిన్న కంపెనీలో పనిచేస్తున్నాను, ఊరు చీపురుపల్లి. మేము చేసే పెట్టె రెండు దళాలకి వెళ్తుంది. లోపల వైరింగ్ ఒకటే, కనెక్టర్ ఒకటే. తనిఖీకి వచ్చే ఇన్‌స్పెక్టర్లు వేరు, వాళ్ల ఫారాలు వేరు, వైబ్రేషన్ టెస్ట్ ఎంతసేపు చేయాలన్న అంకె కూడా వేరు. ఒకరి కోసం పాస్ చేసిన బ్యాచ్‌ని రెండోవారి కోసం మళ్లీ పెట్టాలి. ఆ ఖర్చు ఎక్కడ కలుస్తుందో చెప్పనక్కర్లేదు కదా. ఢిల్లీలో ఉమ్మడిగా కొన్నామంటారు, మా షెడ్డులో మాత్రం ఇద్దరు కస్టమర్లే.

మాజీ_ఈఎంఈ
ఇది నిజం. నేనూ అటువైపు నుంచి చూశాను. ఒక స్థావరంలో మా హెలికాప్టర్‌కి ఒక బేరింగ్ కావాలి. పక్క దళం స్టోర్‌లో అదే ఉంది, కంటికి కనపడుతోంది. తెచ్చుకోవడానికి కాగితం లేదు. అప్పు తీసుకుంటే వాళ్ల పుస్తకంలో ఎలా రాయాలో ఎవరికీ తెలీదు. మాది బెంగళూరు నుంచి వచ్చేదాకా యంత్రం నేల మీదే.

డేగ_రిటైర్డ్
స్టాండర్డైజేషన్ డైరెక్టరేట్ వాళ్లు ప్రతి వస్తువుకీ ఒకే కోడ్ నంబర్ ఇవ్వడం అందుకే కదా. ఒకే బేరింగ్ మూడు పేర్లతో మూడు గోడౌన్లలో ఉండకూడదని.

మాజీ_ఈఎంఈ
నంబర్ ఒకటే అయింది. తాళం చెవులు మూడు.

సోంపేట_మెట్టు
ఇంతమంది కలిసి కొనడం గురించి మాట్లాడుతున్నారు, కలిసి కొన్నదాంట్లో ఇంకో ప్రమాదం ఎవరూ చెప్పలేదు. 2025 జనవరి 5న పోర్‌బందర్‌లో కోస్ట్‌గార్డ్ ధ్రువ్ కూలి ముగ్గురు చనిపోయారు. స్వాష్‌ప్లేట్ అనే భాగం విరిగింది. దాంతో నాలుగు దళాల ధ్రువ్‌లన్నీ, 300కి పైగా, ఒకేసారి నేల మీద నిలబడ్డాయి. కొండల్లో సైన్యానికి సామాను మోసే పని కూడా ఆగింది. అదే నాలుగు రకాల హెలికాప్టర్లు ఉంటే ఒక్కటే ఆగేది.

కోరుకొండ_పాత_విద్యార్థి
మంచి పాయింట్. సైన్యం, వాయుసేన రకాలు మే నెలలో మళ్లీ ఎగిరాయి, సముద్రం మీద ఎగిరేవి అప్పటికీ ఆగే ఉన్నాయి. ఒకే యంత్రమైనా పరిస్థితులు వేరన్న డేగ గారి మాటకి ఇదే సాక్ష్యం.

డేగ_రిటైర్డ్
చివరికి నా మాటకి విలువ వచ్చింది.

గంటస్తంభం
అంటే మీ అందరి లెక్క ప్రకారం కలిసి కొనకూడదనేనా? 2019లో అమెరికా నుంచి సిగ్ 716 రైఫిళ్లు 72,400 కలిపే కొన్నారు. 66,400 సైన్యానికి, 4,000 వాయుసేనకి, 2,000 నేవీకి. ఏ గొడవా లేదు.

సోంపేట_మెట్టు
రైఫిల్ చూపించి యుద్ధ విమానం సంగతి తేల్చేస్తారా?

గంటస్తంభం
తేల్చట్లేదు. ఎక్కడ కుదురుతుంది, ఎక్కడ కుదరదు అని అడుగుతున్నాను.

కోరుకొండ_పాత_విద్యార్థి
కుదిరిన వాటి వరస చూడండి. అమెరికాలో జేడామ్: పాత మామూలు బాంబు తోకకి జీపీఎస్ కిట్ తగిలించేది. వాయుసేన ముందుండి నడిపింది, నేవీ కలిసింది. కిట్ చిన్నది, కోరిక ఒక్కటే: తక్కువ ధరలో గురి. 1999లో కొసావోలో వాడేశారు. కుదరని దానికి జేటీఆర్ఎస్ రేడియో. 1997లో మొదలుపెట్టి అన్ని దళాల రేడియోలకీ బదులు ఒకే కుటుంబం అన్నారు. వాహనాల మీద పెట్టే రకాన్ని 2011లో రద్దు చేశారు. రెండూ ఉమ్మడివే.

మనకి బ్రహ్మోస్ క్షిపణి ఉంది. 1998లో రష్యాతో ఒప్పందం, 2001 జూన్ 12న చాందీపూర్‌లో మొదటి ప్రయోగం. ముందు ఓడ మీద, నేల మీద కుదుర్చుకున్నారు. మన విశాఖ ఓడ ఐఎన్ఎస్ రాజ్‌పుత్ అప్పట్లో ఎన్నో ప్రయోగాలకి వేదికైంది. విమానం వంతు చాలా తర్వాత, 2017 నవంబర్‌లో. మూడు టన్నుల క్షిపణిని రెండున్నర టన్నులకి తగ్గించారు, సుఖోయ్ యుద్ధ విమానం పొట్టని గట్టిపరిచారు. మొదటి రోజే మూడూ ఒకేసారి కావాలని కూర్చుని ఉంటే ఇంకా కూర్చునే ఉండేవాళ్లం.

నేల మీంచి గాల్లోకి కొట్టే మీడియం రేంజ్ శామ్ కూడా అలాంటిదే. క్షిపణి ఒకటే, నేవీకి ఓడలోని గొట్టాల్లో, సైన్యానికీ వాయుసేనకీ లారీ మీద. ఉమ్మడిగా ఉండాల్సింది క్షిపణి, విడిగా ఉండాల్సింది లాంచర్. గీత ఎక్కడ గీయాలో తెలిసి గీశారు.

కేబుల్_హార్నెస్
ఈ గీత మాట మా మేనేజర్‌కి ప్రింట్ తీసి ఇస్తాను. ఆయన పెట్టె కూడా రెండు రకాలుగా చేద్దామంటున్నాడు.

పొందూరు_ఖద్దరు
థియేటర్ కమాండ్లు వస్తే ఇవన్నీ వాటంతట అవే సర్దుకుంటాయి. ఒకే కమాండర్ కింద మూడు దళాలూ ఉంటే కొనేదీ ఒక్కడే.

ఆడిట్_మావయ్య
అదొక భ్రమ. థియేటర్ కమాండర్ యుద్ధం చేస్తాడు. మనుషుల్ని తీసుకోవడం, తర్ఫీదు, ఆయుధాలు సమకూర్చడం దళాధిపతుల దగ్గరే ఉంటాయి. 2020 జనవరి 1న జనరల్ రావత్ మొదటి సీడీఎస్, అంటే మూడు దళాలకీ కలిపి ఉండే చీఫ్ ఆఫ్ డిఫెన్స్ స్టాఫ్, అయినప్పుడు సైనిక వ్యవహారాల విభాగం పెట్టారు కదా, దాని పనుల జాబితాలో కొనుగోళ్ల దగ్గర ఏమని రాశారు? దళాలకి సంబంధించిన కొనుగోళ్లు, మూలధన కొనుగోళ్లు తప్ప. విమానాలు, ఓడలు, క్షిపణులు అన్నీ ఆ "తప్ప"లోనే ఉన్నాయి. పదేళ్ల ఉమ్మడి ప్రణాళిక రాయడం, ఏది ముందు ఏది వెనక అనడం వరకే సీడీఎస్ మాట. చెక్కు మీద సంతకం వేరే గదిలో.

పొందూరు_ఖద్దరు
మావయ్యా, మీకు ఏదీ నచ్చదా?

ఆడిట్_మావయ్య
ఒకటి నచ్చింది. 2024-25 బడ్జెట్ నుంచి మూలధన పద్దు చూపే తీరు మార్చారు. అంతకుముందు సైన్యానికి ఇంత, నేవీకి ఇంత, వాయుసేనకి ఇంత అని విడిగా ఉండేది. ఇప్పుడు విమానాలు, ఇంజిన్లు అని ఒక పద్దు, భారీ వాహనాలు అని ఒక పద్దు. దళం పేరు కాదు, వస్తువు పేరు. పేపర్లో ఎవరూ పట్టించుకోలేదు గాని, నా దృష్టిలో పది కమిటీల కంటే అది మేలు. నా వాటా అని చెప్పుకోవడానికి వీలు తగ్గింది.

మాజీ_ఈఎంఈ
పద్దు పేరు మారింది సరే, లోపల గదుల్లో వాటాలు ఎవరికి వారు రాసుకోరంటారా?

ఆడిట్_మావయ్య
రాసుకుంటారు. కానీ దళం పేరుతో ముందే గిరి గీసి ఇచ్చిన డబ్బు కాదు కాబట్టి, ఎందుకు కావాలో చెప్పి తీసుకోవాలి.

డేగ_రిటైర్డ్
అమెరికా ఎఫ్-35 ఆఫీసులో ఒక పద్ధతి నాకు నచ్చింది. అధిపతి ఒకసారి వాయుసేన నుంచి, తర్వాత నేవీ లేదా మెరైన్ల నుంచి. వాయుసేన వాడు కుర్చీలో ఉంటే జవాబు చెప్పుకోవాల్సింది నేవీ విభాగం కొనుగోళ్ల పెద్దకి. నేవీ వాడు ఉంటే వాయుసేన పెద్దకి. సొంత దళానికి కొమ్ముకాసే వీలు లేదు.

మాజీ_ఈఎంఈ
అంత పద్ధతి పెట్టుకునీ 20 శాతం దగ్గర తేలారు కదా.

డేగ_రిటైర్డ్
అది డిజైన్ తప్పు, కుర్చీ తప్పు కాదు. మీకు వ్యతిరేకించడం అలవాటైపోయింది సర్.

పలాస_జీడి
ఈ ఇద్దరినీ ఒక ఉమ్మడి ఆఫీసులో వేయండి. టీ కాంట్రాక్టు కూడా రెండవుతుంది.

ఎస్ఎస్‌బీ_రెండోసారి
అందరికీ థాంక్స్. ఇన్ని కేసులు గుర్తుండవు. గ్రూప్ డిస్కషన్‌లో మన దేశానిది ఒక్కటే చెప్పాలంటే ఏది చెప్పమంటారు? బ్రహ్మోస్ అందరూ చెప్పేస్తారు.

కోరుకొండ_పాత_విద్యార్థి
ఎంక్యూ-9బి డ్రోన్లు చెప్పు. 2024 అక్టోబర్ 15న 31కి ఒప్పందం. నేవీకి 15, మిగతా రెండింటికీ ఎనిమిదేసి. నేవీ అంతకుముందే, 2020 నుంచి, రెండు అద్దెకి తీసుకుని వాడి చూసింది. వాడిన అనుభవం ఉన్నవాళ్లే కేసుని ముందుండి నడిపారు. సముద్రం మీద వాడేదానికి పేరు సీగార్డియన్, మిగతా ఇద్దరికీ స్కైగార్డియన్. ఒకే డ్రోన్, పరికరాలు అవసరాన్ని బట్టి.

సోంపేట_మెట్టు
దాన్నే ఎవరైనా తిరగేసి అడిగితే కూడా సిద్ధంగా ఉండు. తయారై ఉన్న సరుకుని విదేశం నుంచి కలిసి కొనడం తేలిక, డిజైన్ నుంచి కలిసి చేసుకోవడం వేరు. ఆ తేడా అడగని ప్యానెల్ ఉండదు.

ఆడిట్_మావయ్య
15, 8, 8. మొత్తం 31. పైన గంటస్తంభం గారి రైఫిళ్ల లెక్క కూడా కూడి చూశాను, సరిపోయింది. బోర్డు ముందు అంకె చెప్పేముందు నువ్వూ ఒకసారి కూడుకో, కూడిక తప్పితే మిగతా జవాబు ఎవరూ వినరు.

ఎస్ఎస్‌బీ_రెండోసారి
సరే మావయ్య గారూ. వచ్చే నెల భోపాల్‌లో రిపోర్ట్ చేయాలి. ఏం అడిగారో వచ్చాక ఇక్కడే రాస్తాను.

మాజీ_ఈఎంఈ
ఆర్మీ బోర్డుకే కదా వెళ్తున్నావు? అయితే అపాచీల సంగతి వస్తే మా వైపు చెప్పు.

డేగ_రిటైర్డ్
మొదలుపెట్టారు మళ్లీ.